పదిలో ఏడు పాళ్ల బ్రోమిన్

డెబ్బైల మధ్యలో నేను విజయవాడలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేసేదాన్ని. పాఠం చెప్పే ఉద్యోగం కాదు. ప్రాక్టికల్స్‌కి కావలసిన ద్రావణాలు కలిపిపెట్టడం, పిల్లలు తమకిచ్చిన లవణమేదో గుర్తుపట్టలేక తెల్లమొహం వేస్తే పక్కన నిలబడటం, సాయంత్రానికి సీసాలకి మూతలు బిగించి బీరువాలో సర్దడం. పొద్దున ఎనిమిదిన్నరకి భవానీపురంలో బస్సెక్కితే మళ్లీ ఇంటికి చేరేసరికి ఆరు దాటేది. మా ఆయన వెల్డరు. అప్పుడు ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ కేంద్రం కడుతున్నారు, అక్కడ షిఫ్టుల మీద పనిచేసేవాడు. ఇద్దరం ఒకేసారి ఇంట్లో మెలకువగా ఉండేది ఆదివారం ఒక్కరోజే. ఆరోజు చర్చికి వెళ్లొచ్చి, అన్నాలు తిని, కాసేపు మాట్లాడుకుందామని కూర్చుని, కూర్చున్నచోటే కునికేవాళ్లం.

ఇంటి సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పనికి కారణం చాలావరకు ఇందులోనే ఉంది.

మా లాబ్‌లో నాకు పైన ఒక లెక్చరర్ గారు ఉండేవారు. యాభై దాటిన మనిషి. అందరం మాస్టారనే పిలిచేవాళ్లం. కంకిపాడు అవతల రైతు కుటుంబం. వయసులో ఉండగా వాల్తేరులో పరిశోధన మొదలుపెట్టి, తండ్రి పోవడంతో మధ్యలో వదిలేసి ఉద్యోగంలో చేరిపోయారట. ఆ సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు, వాళ్లావిడ చెబితే తెలిసింది. ఇరవై ఏళ్లుగా అదే పాఠం, అవే ఉదాహరణలు. గొంతులో విసుగు లేదు, ఉత్సాహమూ లేదు.

అలాంటి మనిషి ఒక శనివారం మధ్యాహ్నం రిక్షాలో లారీ ట్యూబు వేసుకుని దిగారు. నిండా గాలి కొట్టినట్టు ఉబ్బి ఉంది. అది గాలి కాదు, గోబర్ గ్యాసు. ఊళ్లో వాళ్లన్నయ్య గారు పశువుల కొట్టం పక్కన గ్యాసు ప్లాంటు కట్టించారు. గొయ్యి తవ్వి, పేడ కలిపిన నీళ్లు పోసి, మీద పెద్ద ఇనప డ్రమ్ము బోర్లించారు. ఇంట్లో పొయ్యి దాంతోనే వెలిగేది. ఆ డ్రమ్ములోంచి ట్యూబులోకి పట్టుకుని బస్సు టాపు మీద వేసుకొచ్చారు. లోపల ఉన్నది గ్యాసని తెలిస్తే కండక్టరు దింపేసేవాడే. స్పేరు ట్యూబనుకుని ఊరుకున్నాడట. ఆ మాట చెబుతూ మాస్టారు నవ్వారు. ఆయన పళ్లు నేను చూడటం అదే మొదటిసారి.

గోబర్ గ్యాసులో సగానికి పైగా ఉండేది మీథేన్. చిత్తడి నేలల్లో, చెరువు అడుగు బురదలో బుడగలుగా పైకొచ్చేదీ అదే. మండించుకోవడానికి తప్ప దేనికీ లొంగని వాయువు. దేనితోనూ తొందరగా కలవదు. దాన్ని మిథనాల్‌గా మార్చగలిగితే వార్నిష్‌లకి, మందులకి, జిగుళ్లకి అన్నిటికీ పనికొస్తుంది. పైగా ద్రవం కాబట్టి సీసాలో పోసి ఎక్కడికైనా పంపొచ్చు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఆ మార్పుకి బోలెడంత వేడి, ఒత్తిడి కావాలి. మాస్టారి ఆలోచన వేరు. బ్రోమిన్‌తో చేద్దామన్నారు.

బ్రోమిన్ ముదురు ఎరుపు ద్రవం. మూత తీస్తే చాలు, ఎర్రటి పొగ లేచి కళ్లూ ముక్కూ మండుతాయి. వేడి గాజు గొట్టంలో అది మీథేన్‌తో కలుస్తుంది. ఆ కలిసినదాన్ని క్షారం వేసిన నీళ్లతో కాస్తే బ్రోమిన్ పక్కకి తప్పుకుంటుంది, మిథనాల్ మిగులుతుంది. తప్పుకున్న బ్రోమిన్ నీళ్లలో లవణంగా ఉండిపోతుంది. దాన్ని మళ్లీ విడగొట్టి పట్టుకుంటే తర్వాతి విడతకి అదే బ్రోమిన్ వాడుకోవచ్చు. ఖర్చయ్యేది పేడ గ్యాసు, కాస్త క్షారం, కాస్త ఆసిడ్.

"బ్రోమిన్ పని మీథేన్, నీళ్లు, ఇద్దర్నీ కలిపి పక్కకి తప్పుకోడమేనమ్మా. అది ఎక్కడికీ పోకూడదు. మొత్తం విషయమంతా అక్కడే ఉంది," అన్నారాయన.

శనివారం మధ్యాహ్నాలు కాస్త సాయం చేస్తావా అని అడిగారు. సరేనన్నాను. కాస్త అంటే ఎంతో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు.

మొదటి ఏడాదంతా సామాను కూర్చుకోవడంతోనే గడిచింది. మట్టి గొట్టానికి హీటర్ కాయిల్ చుట్టి, మధ్యలో గాజు గొట్టం దూర్చి కొలిమి చేశారు. ఆటోనగర్‌లో లేతు మిషన్ల కింద రాలిన ఇనప రజను తెచ్చి తుప్పు పట్టనిచ్చి, గ్యాసులో కుళ్లు వాసన పోవడానికి దాన్ని వాడాం. గోడలకి వేసే సున్నం నీళ్లతో బొగ్గుపులుసు గాలి తీసేశాం. లవణంలోంచి బ్రోమిన్‌ని విడగొట్టడానికి నల్లటి మాంగనీస్ పొడి కావాలి. దాన్ని అయిపోయిన టార్చిలైటు బ్యాటరీలు పగలగొట్టి తీసేదాన్ని. ఎంత కడిగినా ఆ నలుపు గోళ్లలోంచి పోయేది కాదు. ఆదివారం చర్చిలో పాటల పుస్తకం పట్టుకుంటే పక్కావిడ నా వేళ్లకేసి చూసేది.

ఐసు కోసం అటెండర్ని చేపల మార్కెట్‌కి పంపేవాళ్లం. ఊక అంటుకున్న దిమ్మ వచ్చేది. బ్రోమిన్ వచ్చే సీలు వేసిన గాజు బుడ్లు, ఆంప్యూలు, ఐసులో పెట్టకుండా మెడ విరగ్గొట్టకూడదు. విజయవాడ ఎండల్లో అది లోపలే ఆవిరై పొంగడానికి సిద్ధంగా ఉంటుంది. ఒక ఏప్రిల్‌లో నేను తొందరపడ్డాను. చుక్క ఎడమ మణికట్టు మీద పడింది. కడుక్కునే లోపే చర్మం పసుపెక్కి, తర్వాత తెల్లబడి, రెండు నెలలు మానలేదు. మాస్టారే గ్లిజరిన్ రాసి కట్టు కట్టారు. ఆ సాయంత్రం వాళ్లావిడ నన్ను ఇంటికి పిలిచి అన్నం కలిపి ముద్దలు పెట్టారు. వాళ్లింట్లో ఎవరూ అనకపోయినా, మా వాళ్లని వంటింటిదాకా రానివ్వని ఇళ్లు అప్పట్లో చాలా ఉండేవి. ఆవిడ వంటింట్లోనే పీట వేశారు. అది నేను మర్చిపోలేదు.

రెండో ఏడాది వేసవి ముందు మొదటిసారి అంతా సవ్యంగా నడిచింది. గొట్టానికి ఒక చివర ఎర్రగా వెళ్లిన వాయువు రెండో చివర రంగు లేకుండా బయటికొచ్చింది. దాన్ని ఐసులో పట్టి, క్షారంతో గంటలకొద్దీ కాచి, ఆవిరిని చల్లార్చి చివరికి చెంచాడు ద్రవం పట్టాం. నీళ్లలాగే ఉంది. అది మిథనాలో కాదో తెలియడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. శాలిసిలిక్ ఆసిడ్, రెండు చుక్కల గంధకామ్లం వేసి వెచ్చబెడితే, మిథనాలైతే తైలం వాసన వస్తుంది. వెచ్చబెట్టాను. నడుం నొప్పులకి రాసుకునే తైలం వాసన గదంతా నిండింది. మాస్టారు పరీక్షనాళిక ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు. అప్పుడు ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. బ్రోమిన్ పొగకి అందరి కళ్లూ తడిగానే ఉంటాయి కాబట్టి నేనేమీ అనుకోలేదు.

అయితే మిథనాల్ రావడం అసలు కష్టం కాదు. ఆయన అన్నట్టు మొత్తం విషయమంతా బ్రోమిన్ తిరిగి రావడంలోనే ఉంది. పది మిల్లీలీటర్లు వాడితే ఏడు వచ్చేవి. ఒక్కోసారి ఆరున్నర. తిరిగొచ్చిన బ్రోమిన్ కొలజాడీలో నీళ్ల అడుగున ఎర్రటి పొరలా కూర్చునేది. ఆ గీత ఏడు దగ్గరే ఆగిపోయేది. మాస్టారు నోట్‌బుక్‌లో అంకె వేసి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "వచ్చే శనివారం ఇంకోసారి చూద్దామమ్మా," అనేవారు. ఒక్కసారి కూడా కోపంగా అనలేదు. అలా దాదాపు ఏడాది గడిచింది. గొట్టం పొడుగు మార్చాం, వేడి మార్చాం, గ్యాసు వేగం మార్చాం. గీత ఏడు దాటలేదు.

ఆయన దగ్గడం మొదలుపెట్టారు. నాకు తలనొప్పి వస్తే సోమవారం దాకా తగ్గేది కాదు. వారం పొడుగునా పిల్లల ప్రాక్టికల్స్, శనివారం ఈ పని, ఇంటికెళితే పంపు దగ్గర నీళ్ల వరుస. ఆ రోజుల్లో బస్సు కిటికీకి తల ఆనిస్తే స్టాపు దాటిపోయేదాన్ని. మా ఆయన ఒకసారి అడిగాడు, ఆ పెద్దాయనకి ఇంకెవరూ దొరకరా అని. ఉన్నారు, కానీ ఎవరూ రారు. నేనూ మానేస్తానని చెప్పాలని చాలాసార్లు అనుకుని, ఆయన ఐసు గడ్డ కడుక్కుంటూ నిలబడటం చూసి చెప్పలేకపోయాను.

ఒక శనివారం బ్రోమిన్ విడగొట్టే పని నాకు అప్పగించి మాస్టారు ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు. గీత ఏడుకి కాస్త కింద ఆగింది. నేను కొలజాడీకేసి చూస్తూ నిలబడ్డాను. పక్క బీరువాలో పిల్లల ప్రాక్టికల్స్ కోసం ఉంచిన బ్రోమిన్ సీసా ఉంది. తాళం నా దగ్గరే ఉంది. తీసి రెండు మిల్లీలీటర్లు కలిపాను. ఎరుపులో ఎరుపు కలిసిపోయింది.

చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నది ఏమిటంటే, ఆయన మీద జాలితో చేశానని. జాలి లేదనను. కానీ అసలు కారణం అది కాదు. గీత పెరిగితే వచ్చే శనివారం ఇంకోసారి చూద్దామనరని అనుకున్నాను. నాకు ఒక శనివారం కావాలి, అంతే.

అది కూడా దక్కలేదు. మాస్టారు వచ్చి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. ఒకసారి వస్తే సరిపోదు, మళ్లీ రావాలన్నారు. తర్వాతి శనివారం మళ్లీ కలపాల్సొచ్చింది. ఆపై వారం కూడా. మూడుసార్లూ తొమ్మిదికి దగ్గరగా వచ్చింది.

ఆయన హైదరాబాదుకి ఉత్తరం రాశారు. పాత శిష్యుడొకాయన అక్కడ ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. నెల తిరక్కుండా జవాబొచ్చింది, స్వయంగా వచ్చి చూస్తానని. మాస్టారు ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు. వాళ్లావిడ బందరు రోడ్డు మీద కనబడి, ఆయన ఈమధ్య కడుపునిండా తింటున్నారని, రాత్రిళ్లు దగ్గు కూడా తగ్గిందని చెప్పారు. నీ పుణ్యమేనమ్మా అన్నారు. ఆ మాట పట్టుకుని నేను ఇంటిదాకా నడిచాను. ఆరోజు బస్సెక్కాలని కూడా తోచలేదు.

శిష్యుడు రావడానికి పది రోజులుందనగా, పిల్లలందరూ వెళ్లిపోయాక, మాస్టారు తొట్టి దగ్గర గాజు సామాను కడుగుతుంటే వెళ్లి చెప్పాను. మూడుసార్లూ నేనే బీరువాలో సీసాలోంచి కలిపానని చెప్పాను. ఆయన పంపు కట్టెయ్యలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి.

"ఎంత కలిపావు?"

"రెండు మిల్లీలీటర్లండి. మూడోసారి కొంచెం ఎక్కువ."

చేతులు తుడుచుకుని నోట్‌బుక్ తెచ్చుకున్నారు. మూడు అంకెల్లోంచీ తీసేసి పక్కన రాశారు. ఆరు చిల్లర, ఏడు, ఆరు చిల్లర.

"అంటే ఉన్నచోటే ఉన్నాం," అన్నారు. నోట్‌బుక్ మూసి, "ఎందుకమ్మా?" అని అడిగారు.

"అలిసిపోయానండి."

ఆయన తలూపారు. నన్ను తిడతారని, ఉద్యోగం పోతుందని, ఏదో ఒకటి జరుగుతుందని ఎదురుచూశాను. పంపు కట్టేసి, "వెళ్లమ్మా, బస్సెళ్లిపోద్ది," అన్నారు.

మర్నాటికి ఆ మూడు వరుసల మీదా ఎర్ర సిరాతో గీత కొట్టి ఉంది. పక్కన, బయటి బ్రోమిన్ కలిసినందున లెక్కలోకి తీసుకోరాదు అని రాసి ఉంది. ఎవరు కలిపారో లేదు. హైదరాబాదుకి కూడా అంతే రాశారట, అంకెలు తప్పు, ఏడుకి మించి రావడం లేదు, ఇక రావాలో వద్దో నీ ఇష్టం అని. ఎవరికీ నా పేరు చెప్పలేదు. వాళ్లావిడకి కూడా. అయితే ఆ తర్వాత చాలా రోజులు కొలజాడీ నా చేతికివ్వలేదు. బీరువా తాళం మాత్రం అడగలేదు. అడిగినా బావుండేదనిపించింది.

శిష్యుడు వచ్చాడు. సన్నగా, ముందుకు వంగినట్టు నడిచే మనిషి. మాస్టారి ఎదుట కుర్చీలో కూర్చోడానికి కూడా మొహమాటపడ్డాడు. అతను చూస్తుండగానే ఒక విడత నడిపాం. ఆరున్నర వచ్చింది. అతను గొట్టాల చివర్లకి పెట్టిన బిరడాలు ఒక్కొక్కటే ఊడదీసి చూశాడు. బెండు బిరడాలు గోధుమరంగుకి తిరిగి, నలిపితే పొడి అవుతున్నాయి. రబ్బరు గొట్టాలు బిరుసెక్కి పగుళ్లిచ్చాయి. మీ బ్రోమిన్ ఇక్కడుంది మాస్టారూ అన్నాడు. మేం ఏడాదిగా వేడీ వేగం మారుస్తూ కూర్చున్నాం, బ్రోమిన్‌ని మా బిరడాలే తినేస్తున్నాయి. నెలనెలా కొత్త బిరడాలు పెట్టింది నేనే. పాతవి ఎందుకు పాడవుతున్నాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మాస్టారూ ఆలోచించలేదు.

భోజనాల దగ్గర మాస్టారు అడిగారు, ఇది పెద్ద ఎత్తున ఎవరైనా చేస్తారంటావా అని. శిష్యుడు మజ్జిగన్నం కలుపుతూ ఆగాడు.

"చేస్తారండి, ఎప్పుడో. మీథేన్‌కి కొదవ లేదు. బ్రోమిన్ సముద్రంలో ఉంది. ఆ రెండింటినీ పట్టి ఉంచే పాత్రే లేదండి ఇప్పుడు మన దగ్గర. బ్రోమిన్ ఏ లోహాన్నయినా తినేస్తది."

"మన కాలంలో కాదంటావు."

"మీ కాలంలో కాదండి," అన్నాడతను. తర్వాత, "నా కాలంలో కూడా కాదేమో," అన్నాడు.

మాస్టారికి ఆ జవాబు నచ్చింది. అబద్ధం లేని మాట కాబట్టి నచ్చిందనుకుంటాను. నేను పళ్లెంలోకి చూస్తూ కూర్చున్నాను.

హైదరాబాదు నుంచి అతను ఒక చెక్కపెట్టె పంపాడు. బిరడాలు అక్కర్లేకుండా గాజులో గాజు బిగుసుకునే కీళ్లున్న సామాను. ఊక మధ్యలోంచి ఒక్కొక్కటీ బయటికి తీసేసరికి మధ్యాహ్నం అయింది. కొత్త సామానుతో మొదటి విడత నడిపినరోజు మాస్టారికి దగ్గు ఎక్కువగా ఉంది. కొలిచే సమయానికి ఆయన స్టూలు మీద కూర్చుండిపోయి, కొలజాడీ నా వైపు జరిపారు.

"నువ్వే చూడమ్మా."

వంగి, కంటికి సమానంగా పెట్టి చూశాను. ఎనిమిదిన్నర. రెండుసార్లు చూసి చెప్పాను. ఆయన లేచి చూడలేదు. నేను చెప్పిన అంకే రాసుకున్నారు.

అప్పుడు సంతోషించాల్సింది. నిజంగా వచ్చిన ఎనిమిదిన్నర అది. ఆయన నన్ను నమ్మి రాసుకున్న అంకె. కానీ నాకు కాళ్లు పీకుతున్నాయి, చెవుల్లో హోరుగా ఉంది, ఇంకా గాజు సామానంతా కడగాలి. మాస్టారు కూడా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన రిటైరవడానికి ఎన్నో నెలలు లేవు. గదిని కొత్త సెక్షన్ పిల్లలకి ఇచ్చేస్తామని ప్రిన్సిపాల్ గారు అప్పటికే చెప్పారు. ఈ పని ఎవరైనా కొనసాగించాలంటే నేనే. ఆ మాట ఆయనే ఎత్తారు.

"నేను వెళ్లిపోయాక ఇది నువ్వు నడుపుతావా? ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. ఓ మూల బల్ల ఇవ్వకపోరు."

వారం రోజులు ఆలోచించి చెబుతానని అనొచ్చు. చూద్దామండి అనొచ్చు. కానీ ఆయనకి ఇప్పటికే అబద్ధపు అంకెలు ఇచ్చాను, ఇంకో అబద్ధం ఇవ్వలేను.

"నాకు ఓపిక లేదు మాస్టారూ," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. ముక్కు మీద వాటి గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

"నాకూ లేదమ్మా," అన్నారు. "ఎప్పట్నుంచో లేదు."

ఆ మాట అన్నాక ఇద్దరికీ కాస్త తేలికైంది. మరో నాలుగు శనివారాలు అదే విడత మళ్లీ మళ్లీ నడిపి అంకెలు సరిచూసుకున్నాం, ఎవరైనా ఎప్పుడైనా చదివితే నమ్మేలా ఉండాలని. ఎనిమిది, ఎనిమిదిన్నర మధ్యే వచ్చాయి. నాలుగు పేజీల వ్యాసం రాసి ఒక సైన్సు పత్రికకి పంపారు. బిరడాల వల్ల ఏడాది ఎలా వృథా అయిందో అందులో దాచకుండా రాశారు. తన పేరు పక్కన నా పేరు పెట్టారు. వద్దన్నాను. విన్లేదు.

చివరి శనివారం మిగిలిన బ్రోమిన్‌ని, ఫొటోలు కడగడానికి వాడే హైపో ద్రావణంలో కొద్దికొద్దిగా పోశాను. అంత ఎరుపూ కళ్లముందే విరిగి నీళ్లలా అయిపోయింది. కొలిమి విప్పి కాయిల్ తీసేశాం. గాజు సామాను తిరిగి ఊకలో సర్ది పెట్టెకి మేకులు కొట్టించాం. లారీ ట్యూబులు మాస్టారు ఊరికి తీసుకెళ్లారు, ఎండాకాలం కాలవలో ఈతకి పనికొస్తాయని. రిక్షా ఎక్కుతూ, మణికట్టుకి కొబ్బరినూనె రాస్తూ ఉండమన్నారు.

ఆ పై శనివారం నేను ఒంటిగంటకే ఇంటికొచ్చేశాను. చాప పరుచుకుని పడుకుంటే తెలివి రాలేదు. మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, ఆ వేళప్పుడు నన్ను ఇంట్లో చూసి కంగారుపడి నుదుటి మీద చెయ్యి వేశాడు. జ్వరమొచ్చిందా అని అడిగాడు. లేదు, నిద్రొచ్చిందన్నాను. అతను కూడా బూట్లు విప్పుకుని గోడకి ఆనుకున్నాడు.